చాక్‌పీసుల డబ్బా

“కుదురుగా కూర్చోని పిల్లకి కావాల్సింది సాయం కాదు టీచర్, క్రమశిక్షణ,” అన్నారు హెడ్మాస్టరు, తన గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ.

మూడో తరగతి టీచరు కుర్చీలో కూర్చుని, ఆయన ఎటు వెళితే అటు తల తిప్పుతోంది.

“అది పొగరు కాదు సార్. ఉన్నచోటే ఉంటే దాని బుర్రకి పాఠం ఎక్కదు. కాస్త అలా తిరిగొస్తే లెక్కలన్నీ చకచకా చేసేస్తుంది. పిల్లలేమో బొంగరం అని ఏడిపిస్తున్నారు.”

“దాన్ని తిరగనిస్తే రేపు క్లాసంతా తిరుగుతుంది. చిన్నప్పుడు నేనూ కాలు కాలిన పిల్లిలా తిరిగినవాణ్ణే. నాకెవరు సాయం చేశారు? చదువుకోలేదా?” అంటూ ఆయన కిటికీ తెరిచి, మళ్లీ మూసేశారు.

“మీ మాస్టారు కొట్టేవారా సార్?”

“ఛఛ! నేనంటే ఆయనకి ఎంత నమ్మకమనుకున్నారు! పాఠం మధ్యలో చాక్‌పీసు కావాలంటే ఆఫీసు గదికి నన్నే పంపేవారు. రోజుకి ఐదారుసార్లు.”

“ఆయన సొరుగులో ఉండేవి కావా?”

“ఎందుకుండవు? డబ్బా నిండా ఉండేవి. ఆ సొరుగు సర్దేది కూడా నేనే...”

హెడ్మాస్టరు ఆగిపోయారు. వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

“మీ క్లాసులో ఉన్న చాక్‌పీసుల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టండి,” అన్నారు చివరికి. “కావాల్సినప్పుడు ఆ పిల్లని పంపండి.”

“అలాగే సార్.”

“ఒక్కొక్కటే ఇస్తాను.”