తడబడే పెట్టె

"శౌ... శౌ... శౌరమ్మా," అంది పెట్టె. ఆగింది. మళ్ళీ "శౌ..." అంది.

సాయిగణేష్‌కి ఒళ్ళు మండిపోయింది. "నీ దుంపతెగ! ఇంకా ఏం చెయ్యమంటావు నన్ను?"

గవర్నర్‌పేటలో ఓ చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని అతనిది. పక్క సీటు కృప వాళ్ళ నాన్న ఇన్నయ్య గారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన ఊళ్ళు తిరిగేటప్పుడు ఇంటికి ఫోన్లో పంపిన మాటలూ, పాడిన కీర్తనలూ సర్వర్లో ఉన్నాయి. మీట నొక్కితే వాటిని వైఫైలో తెచ్చి వినిపించే పెట్టె చేసిస్తానని సాయిగణేష్ మాటిచ్చాడు. ఆదివారమే వర్ధంతి. కంకిపాడులో కృప వాళ్ళమ్మ శౌరమ్మ గారు ఆ గొంతు కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది.

చిప్పు అసలే బుల్లిది. మొదట రాసిన కోడ్ నెట్ నుంచి ఒక్కో బైటే చదివేది, చెంచాతో గంగాళం తోడినట్టు. సిగ్గేసి మార్చాడు. ఇప్పుడు ఒకేసారి పెద్ద ముక్క తెచ్చుకుని, అది వినిపిస్తుండగానే ఇంకోటి తెస్తోంది. కీర్తనలు హాయిగా సాగిపోతున్నాయి. మాటల దగ్గరికొచ్చేసరికి మళ్ళీ అదే గోల. రౌటర్ మార్చాడు. చిప్పు మార్చాడు. దరిద్రం మాత్రం మారలేదు.

"ఓసారి నన్ను విననివ్వండి గణేష్ గారూ," అంది కృప.

"సగం ఉడికిన అన్నం వడ్డిస్తామా అండీ? అయ్యాక విందురుగాని."

సాయిగణేష్‌కి పంతం పట్టుకుంది. చదివిన ముక్కనే ఈ మాయదారి చిప్పు మళ్ళీ చదువుతోందని తేల్చేశాడు. రెండోసారి వచ్చిన శబ్దాన్నీ, మధ్యలో ఖాళీలనీ కత్తిరించే కోడ్ రాశాడు. అంతే, మాటలు గడగడా వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, శౌరమ్మ గారి ఒళ్ళో పెట్టె పెట్టాడు. ఆవిడ మీట నొక్కింది.

"శౌరమ్మా, అన్నం తిన్నావా? మందులు మర్చిపోకు."

ఎక్కడా ఆగలేదు. సాయిగణేష్ గర్వంగా కృప వైపు చూశాడు. కృప తల దించుకుంది.

శౌరమ్మ మళ్ళీ నొక్కింది. పెట్టెకి చెవి ఆనించింది. ఆవిడ ముఖం వాడిపోయింది.

"సరిగ్గా వినపడట్లేదా అండీ?" కంగారుగా అడిగాడు.

"బానే వినపడతంది గానీ బాబూ, మా ఆయనకి నత్తి, నన్ను పిలవాలంటే నా పేరు మూడుసార్లు మొదలెట్టేవారు... ఇందులో ఎవరో ఒక్కసారికే పిలిచేశారు."