ఇరవై ఏడో శాంపిల్

"ఇరవై ఏడు తప్పు కాదు" అన్నాడు ప్రొఫెసర్.

"తప్పే సార్" అంది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న శిష్యురాలు. "ఆరోగ్యంగా ఉన్న నలభైమంది రక్తం చూశాం. ముప్పై తొమ్మిది మందికి ఏమీ లేదని వచ్చింది. ఇరవై ఏడో శాంపిల్ ఒక్కటే క్యాన్సర్ ఉందంటోంది. ఒకటి తప్పిందని ఒప్పేసుకుందాం."

ప్రొఫెసర్ ఒప్పుకునే మనిషి కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పైగా ఇది పన్నెండేళ్లుగా పట్టుకుని వేలాడుతున్న కుందేలు. స్కానింగులో గడ్డ కనబడకముందే ఒంట్లో తెల్లకణాలకు ఆ సంగతి తెలిసిపోతుందనీ, రెండు చెంచాల రక్తం తీసి చూస్తే అవే బయటపెట్టేస్తాయనీ ఆయన వాదన. జబ్బున్న నలభైమందినీ పరీక్ష ఒక్కరిని కూడా వదలకుండా పట్టేసింది. వారం రోజులు ఆయన కాలు నేల మీద ఆనలేదు. ఇప్పుడేమో జర్నల్ వాళ్లు పేపరు వెనక్కి పంపి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. ఇరవై ఏడు సంగతేమిటని.

"నలభైలో ఒకటే కదా సార్. ఏమంత ఎక్కువ?"

"లక్షమందికి చేస్తే రెండున్నర వేలమందిని ఊరికే ఏడిపిస్తుంది. ఏ ఆసుపత్రి గుమ్మం ఎక్కనిస్తుంది దాన్ని?"

శిష్యురాలు వేళ్ల మీద వేసి చూసుకుంది. లెక్క నిజమే మరి.

"పరీక్ష తప్పలేదమ్మాయ్. ఆ మనిషే బాగాలేడు. ఆ సంగతి ఆయనకింకా తెలీదు. పిలిపించి తలనించి కాళ్లదాకా స్కానింగు తీయిద్దాం. ఏదో ఒక మూల దొరుకుతుంది."

"దొరకాలని కోరుకుంటున్నారా సార్?"

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాస్త సిగ్గేసింది కూడా. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"చిన్నగా దొరకాలని. కోసి తీసేస్తే పోయేంత. ఆయనా బతుకుతాడు, మన పరీక్షా బతుకుతుంది."

"ఆయనో, ఆవిడో."

"ఎవరైతేనేం. రేపు ఫోన్ చేయాల్సింది నువ్వే. బెంబేలెత్తించకు. తొందరగా బయటపడింది, అదృష్టవంతులని చెప్పు. ఏడిస్తే కాసేపు ఏడవనివ్వు."

"మీరే చేయొచ్చు కదా సార్?"

"నాకలాంటివి చేతకావు" అన్నాడు ప్రొఫెసర్. ఆ మాట అక్షరాలా నిజం.

ఎవరి రక్తమో తెలిస్తే చూసే కళ్లు మారిపోతాయని ఆ ల్యాబులో శాంపిల్స్ మీద నంబర్లే రాస్తారు, పేర్లు రాయరు. పేర్ల పుస్తకం రక్తం తీసే సిస్టర్ బీరువాలో తాళం వేసి ఉంటుంది. దాన్ని తెరిపించడానికి కమిటీ అనుమతి కావాలి. ప్రొఫెసర్ ఆ పొద్దున్నే వాళ్ల ప్రాణం తోడేసి మరీ సంతకాలు పెట్టించుకొచ్చాడు.

సిస్టర్ పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి, ముందు తలుపు మూసింది. అనుమతి కాగితం రెండుసార్లు చదివింది.

"ఈ అమ్మాయి ఉండొచ్చా సార్?"

"ఉండొచ్చు. చదవండి."

సిస్టర్ పేజీ తీసి, వరస మీద వేలు పెట్టి కిందికి దిగింది. ఇరవై ఆరు దాటాక ఆ వేలు కదల్లేదు.

"ఆ రోజు సెక్యూరిటీ ఆయన వస్తానని రాలేదు సార్. శాంపిల్ ఒకటి తక్కువైందని నేను గోలపెడుతున్నా..."

"రానివాడి గోల ఇప్పుడెందుకమ్మా? ఇచ్చిందెవరో చెప్పండి."

"అటుగా పోతున్నాయన ఒకరు ఆగి ఇచ్చారు. చెవి దగ్గర ఫోనుంది, ఎవర్నో తిడుతున్నారు. ఆ తిట్టడం ఆపకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచి, కానిమ్మని సైగ చేశారు."

"పేరండీ, పేరు."

సిస్టర్ పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"మీరే సార్."

ప్రొఫెసర్ చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. తన పేరు, తన వయసు, కింద తన సంతకం. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భయమేసింది. పన్నెండేళ్లలో ఆ పరీక్షంటే ఆయనకు భయం వేయడం అదే మొదలు.

"మంచినీళ్లు తెమ్మంటారా సార్?" అంది శిష్యురాలు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. చిన్నపిల్లాడిలా ఆమె ముఖంలోకి చూశాడు.

"అమ్మాయ్, మన పరీక్ష అప్పుడప్పుడూ పొరబడుతుంది కదూ?"