వాడని బల్ల

మా కొట్టులో మూల, బీరువాల వెనక, ఒక చిన్న బల్ల ఉండేది. ఫ్యాక్టరీ వాళ్ళు కాళ్ళకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉండేది.

పాత సామాన్ల కొట్టులో అదొక్కటే కొత్త వస్తువు.

పెళ్ళయిన కొత్తలో కొన్నాను. పిల్లలు కూర్చుని రాసుకునే బల్ల. మూసేస్తున్న షాపులో సగం ధరకు వచ్చింది. ఎలాగూ ముందుముందు కావాలి కదా అని తెచ్చాను.

మా అమ్మ నవ్వింది. "ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుందిరా నీ యవ్వారం."

"ఆలు ఉందిగా అమ్మా," అన్నాను. మా ఆవిడ నవ్వాపుకుంటూ తలుపు వెనక్కి తప్పుకుంది.

సరుకు ముందే వచ్చింది. వాడేవాళ్ళు రాలేదు.

ఆస్పత్రుల చుట్టూ తిరిగాం. కొన్నాళ్ళకు తిరగడం మానేశాం. వ్యాపారంలో ప్రతిదానికీ లెక్క రాసేవాణ్ణి, దానికి మాత్రం రాయలేదు.

ఇంట్లో కాళ్ళకు అడ్డం పడుతోందని బల్లను కొట్టుకు తెచ్చాం. ఎవరైనా ధర అడిగితే మా ఆవిడ ఒకటే మాట చెప్పేది.

"అది కొత్తదండీ. మేం వాడినవే అమ్ముతాం."

నిజమే కాబట్టి ఎదురు బేరం ఆడటానికి వాళ్ళకూ మాట దొరికేది కాదు.

అమ్మని సరుకును రోజూ తుడవడం దండగ. ఆ సంగతి చెప్పి చెప్పి నేను అలిసిపోయాను. తుడిచి తుడిచి తనూ అలిసిపోయింది. అయినా మానలేదు.

మొన్నామధ్య టీవీ వాళ్ళ సెట్టు మేస్త్రి వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు. మంచం, బీరువా, రెండు కుర్చీలు అద్దెకు మాట్లాడుకున్నాడు. పోతూ పోతూ మూలన ఆగాడు.

"బాబాయ్, ఇదీ వేసెయ్."

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అడిగింది. "ఏం కథ బాబూ?"

"అదో తిక్క కథ పిన్నీ. ఒకడు రాత్రి మామూలుగా పడుకుంటాడు. తెల్లారి లేచేసరికి ఇంకో బతుకులో ఉంటాడు. మనిషి వాడే. కానీ ఇక్కడ లేనివన్నీ అక్కడ ఉంటాయి. పెళ్ళాం, పాప, అన్నీ."

మా ఆవిడ చేతిలో దుమ్ము గుడ్డ ఆగింది.

"తీసుకెళ్ళండి," అంది.

ప్లాస్టిక్ కాగితం తనే విప్పింది.

వారం తర్వాత సామాను తిరిగొచ్చింది. మంచం కాలు వదులైంది, అది మామూలే. బల్ల మీద మాత్రం నీలం పెన్నుతో ఒక ఇల్లు గీసి ఉంది. పక్కన ఇంటికంటే పెద్ద పువ్వు.

మేస్త్రి నసిగాడు. "షూటింగ్ ఆగినప్పుడు పాప వేషం వేసిన పిల్ల గీసేసింది బాబాయ్. చిన్నపిల్ల కదా. అడ్వాన్సులోంచి ఎంత పట్టుకుంటావో పట్టుకో."

నేను స్పిరిట్ సీసా తీశాను.

"ఉండనివ్వండి," అంది మా ఆవిడ.

"మరక పడ్డ సరుకే..."

"ఉండనివ్వమన్నానా."

అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేశాను. మేస్త్రి అనుమానంగా నోట్లను వెలుతురుకు పట్టి చూసుకున్నాడు.

ఆ కథ ఒక మధ్యాహ్నం వచ్చింది. కొట్టులో అమ్మకానికి పెట్టిన టీవీలోనే చూశాం. ధర చీటీ కూడా తీయలేదు.

అతను కళ్ళు తెరిచాడు. మా మంచం. గోడవారన మా బీరువా. తలుపు సరిగా పడదని దాని మీద చొక్కా వేలాడదీశారు. అతను మురిసిపోతున్న ఆ బతుకంతా మా దగ్గర అద్దెకు తీసుకున్నదే.

నాకు నవ్వొచ్చింది. ఆ మాటే చెబుదామని పక్కకు తిరిగి, తన మొహం చూసి మానుకున్నాను.

కిటికీ దగ్గర ఒక పాప తల వంచుకుని రాసుకుంటోంది. మా బల్ల మీద.

"లేచావా నాన్నా?" అంది పాప, వెనక్కి తిరక్కుండానే.

అతనికి ఆ పిల్ల పేరు తెలియదు. పిలవబోయి ఆగిపోయాడు.

"లైటు ఎడమవైపు పెట్టాలి," అంది మా ఆవిడ మెల్లగా. "చేతి నీడ పడుతోంది. కళ్ళు పాడవుతాయి."



చివరికి అతను మళ్ళీ తన పాత బతుకులోనే లేచాడు. ఆ మంచమూ మాదే. దుప్పటి మార్చారంతే.

మా ఆవిడ టీవీ కట్టేసి బల్ల దగ్గరికి వెళ్ళింది. బొమ్మ చెరక్కుండా చుట్టూ తుడిచింది. తర్వాత ఒక పక్క పట్టుకుంది.

"అటు పట్టండి."

ఇద్దరం మోసుకొచ్చి కొట్టు ముందు పెట్టాం. బరువేమీ లేదు. అయినా ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

సాయంత్రం ఒకామె కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల చెయ్యి విడిపించుకుని, నేరుగా పోయి పువ్వు మీద వేలు పెట్టింది.

ఆ తల్లి వంగి బల్ల కాళ్ళు తడిమి చూసింది. "కొత్తదానిలా ఉందండీ. అసలు వాడలేదా?"

నేను మా ఆవిడ వంక చూశాను.

"వాడిందేనమ్మా," అంది. "ఒక పాప రాసుకునేది."