మునివెంకటప్ప రాజీనామా

అది 1979 ఆగస్టు పదిహేడు, శుక్రవారం. ఇంజనీరు ఆఫీసు హెడ్ గుమాస్తా దామోదరం ఆ మధ్యాహ్నం తిన్నది రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి. భార్య పోయినప్పటి నుంచి సంగటి ఆయనే కెలుక్కుంటున్నాడు.

“ఈ ఉండలతో పిల్లోళ్లు గోలీలాడొచ్చు సార్,” అన్నాడు టైపిస్టు షఫీవుల్లా. అంటూనే తన క్యారియర్లోని కుర్మా సగం ఆయన గిన్నెలోకి వంచాడు.

ఆయన చెయ్యి కడుక్కోకముందే వరదమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ట్రావెలర్స్ బంగళా వాచ్‌మన్ మునివెంకటప్ప భార్య ఆమె.

“మా ఇంటాయన పీఎఫ్ దుడ్డు వచ్చిందా సారూ?”

“రాలేదమ్మా. ఇంకా నెల పట్టేటట్టుండాది. వేలూరు ఆస్పత్రిలో ఏమన్నారు?”

“కడుపు కోసి సూసినారు. మళ్లీ కుట్టేసినారు. ఇంటికి పిల్చుకపొమ్మన్నారు.”

దామోదరం చేతిలోని చెంబు కింద పెట్టాడు. ఆ ఆపరేషన్ కోసమే మునివెంకటప్ప జూన్ చివర్లో ఉద్యోగం వదిలేశాడు. పీఎఫ్‌లో అడ్వాన్సు అడిగితే కొంచెమే ఇస్తారనీ, ఉద్యోగమే మానుకుంటే మొత్తం ఒక్కసారి చేతికొస్తుందనీ టీ అంగట్లో ఎవరో చెప్పారట. దామోదరం అప్పుడు సెలవులో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి రాజీనామా మీద పై సంతకం కూడా పడిపోయింది. డబ్బు మాత్రం రాలేదు. వడ్డీకి తెచ్చి వేలూరు పోయారు.

“ఆ దుడ్డంతా అప్పులోళ్లకే సరిపోతాది,” అంది వరదమ్మ. “ఆ తర్వాత నెలనెలా మాకేమన్నా ఇస్తారా సారూ?”

“ఇవ్వరమ్మా. ఉద్యోగంలో ఉండేవాడికి ఏమన్నా అయితే సంసారానికి పింఛను వస్తాది. పెద్దపిల్లోడికి పని ఇస్తారు. రాజీనామా ఇచ్చినోడికి తాను దాచుకున్నదే, అంతే.”

వరదమ్మ ఏడవలేదు. కొంగు బిగించుకుంది.

“అట్లయితే ఆ కాగితం ఎనక్కి తీసుకుంటే?”

షఫీవుల్లా టైపు కొట్టడం ఆపాడు. దామోదరం ఆమె వంక తేరిపార చూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. మూడు నెలల లోపల రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు; ఇంకా రెండు కూడా నిండలేదు. ఇంజనీరు ఒప్పుకుంటే చాలు.

“మనిషి ఎట్లుండాడు?”

“పొద్దున రెండు గుక్కలు గంజి తాగినాడు. మాట తెలుస్తా ఉండాది.”

“నువ్వు ఇంటికి పో. సాయంత్రం నేనే కాగితం తీసుకొని వస్తా.”

ఇంజనీరు జీపు ముందు నిలబడి పెట్టె సర్దించుకుంటున్నాడు. అంతా విని, “మనిషి బతికున్నాడా?” అన్నాడు.

“ఉండాడు సార్. పొద్దున గంజి తాగినాడంట.”

“చచ్చినవాణ్ణి ఉద్యోగంలోకి తీసుకోవడం నా వల్ల కాదు. బతికున్నవాడు అడిగితే కాదనను. నేను ఆరు గంటలకు నగరి క్యాంపుకు పోతున్నాను. అట్నుంచి అటే సెలవు. ఆ లోపల వేలిముద్ర వేసిన కాగితం తెస్తే ఇక్కడే సంతకం పెడతాను. ఆలస్యమైతే మళ్లీ నన్ను అడగొద్దు.”

షఫీవుల్లా కాగితం టైపు చేసి ఇస్తూ, “మీరు పోయి రాండి సార్. కొంచెం ఆలస్యమైనా నేను ఆయన్ని మాటల్లో పెడతా. జీపు డ్రైవరు కూడా మనోడే,” అన్నాడు.

దామోదరం సైకిలు గిరింపేట సందులోకి తిరిగేసరికి అయిదు దాటింది. వరదమ్మ గడప మీదే కూర్చుని ఉంది. ఆయన్ను చూసి లేచింది కానీ పక్కకు తప్పుకోలేదు.

“నిద్రపోతా ఉండాడు సారూ. ఆ కాగితం ఇయ్యండి, నేనే ఏపిచ్చుకొస్తా.”

“నా కండ్ల ముందర వెయ్యాలమ్మా. సాక్షి సంతకం నాది.”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. తర్వాత జరిగి దారి ఇచ్చింది.

“పిల్లోళ్లు యాడ?”

“మా చెల్లెలింటికి పంపించినా. ఈడుంటే గలాటా చేస్తారు.”

లోపలి గదిలో మునివెంకటప్ప గొంతుదాకా దుప్పటి కప్పుకొని పడుకుని ఉన్నాడు. దామోదరం చాప పక్కన కూర్చున్నాడు. “మునెంకటప్పా,” అని మెల్లగా పిలిచాడు. చెయ్యి అందుకుని అలాగే పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, బయటికి వినపడేటట్టు మాట్లాడడం మొదలుపెట్టాడు.

“ఏమబ్బా, ఉద్యోగం వదిలేముందు నన్నొక మాట అడగాలని తెలీదా? టీ అంగట్లో కూర్చున్నోడు నాకంటే పెద్ద గుమాస్తానా నీకు? ... ఆఁ? తిట్టబాకప్పా. సెలవు పెట్టినాను, నాదే తప్పు. ఎడమచెయ్యి ఇట్లియ్యి. అంతే, అయిపాయ.”

ఇంకుడబ్బా మూత టప్పుమంది. దామోదరం కాగితం ఆరబెట్టి, తన రుమాలుతో ఆ బొటనవేలు శుభ్రంగా తుడిచాడు. దుప్పటి సరిచేసి బయటికి వచ్చాడు.

“వేసినాడమ్మా. నిద్ర చెడగొట్టినానని నన్ను నాలుగు తిట్టినాడు కూడా.”

“ఆయనకు కోపమెక్కువ సారూ,” అంది వరదమ్మ.

“ఇప్పుడే కండ్లు మూసినాడు. తెల్లారేదాకా ఆ గదిలోకి పోబాకు. ఎవరినీ పోనియ్యబాకు. దీపం కూడా పెట్టొద్దు, నిద్ర చెడతాది. ఇంజనీరు సంతకం పడనీ, పొద్దునకు నీ మొగుడు మళ్లీ సర్కారు మనిషి.”

“సరే సారూ.”

కాగితం జేబులో భద్రంగా పెట్టుకుని ఆయన సైకిలు స్టాండు తీశాడు. పక్కింట్లో ఎవరో బిందె దించి, “ఏం వరదమ్మా, మీ ఆయన ఎట్లుండాడు?” అని కేకేశారు.

“మేలుగానే ఉండాడక్కా, పడుకున్నాడు,” అంది వరదమ్మ.

దామోదరం హమ్మయ్య అనుకుని పెడలు మీద కాలు వేశాడు.

“పో తల్లీ, లోపలికి పోయి తలుపేసుకో. పొద్దు వాలతా ఉండాది.”

“తెల్లారినాకనే ఏడుస్తాలే అన్నా,” అని వరదమ్మ చప్పుడు కాకుండా తలుపు మూసింది.