మూడుసార్లు మారిన తేదీ

అమ్మ ఓడ ఎక్కకుండానే పోయింది. కారణం నాన్న. ఇందులో కూతురికి రెండో ఆలోచన లేదు.

ప్రయాణానికి మొదటి తేదీ జూన్ ఆరు. అది అమ్మే ఖాయం చేసింది. ఏడు రోజులు ఓడ మీద, ఎనిమిది రోజులు నేల మీద. మంచుకొండలు విరిగి సముద్రంలో పడే చోటు దాకా ఓడ పోతుంది. అక్కడ దిగి గాజు కప్పున్న రైలెక్కాలి. ఆపైన బస్సులో, ఊళ్లే లేని ఉత్తరపు అడవుల్లోకి. ఎలుగుబంట్లు రోడ్డు దాటుతుంటే బస్సు ఆగుతుందట. ఆ ముక్క చదివిన రోజు అమ్మ మిషను ముందు కూర్చుని ఒక్క కుట్టూ వేయలేదు.

అమ్మ దర్జీ. సముద్రాన్ని బొమ్మల్లో తప్ప చూసి ఎరగదు. ప్రయాణాన్ని కూడా గుడ్డ కత్తిరించినట్టే మొదలుపెట్టింది. గోడకు పటం కొట్టి, దాని మీద సుద్దతో దారి గీసింది. ఓడలో కిటికీ గదే కావాలంది. అదీ ఒడ్డు కనబడే వైపు. కడుపులో తిప్పితే ఏం చేయాలని మందుల షాపతన్ని మూడుసార్లు అడిగింది. తనకూ నాన్నకూ పన్నెండేసి జేబులతో చలికోట్లు కుట్టింది.

"పన్నెండు జేబులెందుకే?" అన్నాడు నాన్న.

"ఎలుగుబంటి పట్టుకుంటే జేబులన్నీ వెతికేలోగా కోటు వదిలేసి పారిపోవచ్చు."

నాన్నది బస్టాండులో విచారణ కిటికీ. బస్సెప్పుడని అడిగినవాళ్లకు ముప్పై ఏళ్లుగా ఒకటే జవాబు. పది నిమిషాలు. తెలిసినా అంతే, తెలియకపోయినా అంతే. రాదంటే మనిషి అక్కడే కూలబడతాడట, పది నిమిషాలంటే గంటైనా నిలబడతాడట. ఇంట్లో దీని మీద ఎప్పుడూ వేళాకోళమే. ట్రావెల్స్ ఆఫీసు బస్టాండుకి ఎదురుగానే ఉంది కాబట్టి టికెట్ల పని ఆయన చేతికి వెళ్లింది. అమ్మ చేసిన పొరపాటు అదొక్కటే.

ఓడవాళ్లు ఒంటి పరీక్షలు చేయించుకోమన్నారు. ఇద్దరూ చేయించుకున్నారు. ఏప్రిల్ పదో తేదీ సాయంత్రం నాన్న ఆ కాగితాలు పట్టుకొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు రక్తం తక్కువ, అంతే. నాకే మోకాలు బాగోలేదు. జూన్ కుదరదు. ఆగస్టు చివరికి మార్పించాను."

"మోకాలితో ఓడ నడుపుతారా మీరు?" అంది అమ్మ.

ఆయన పటం పక్కన కొత్త తేదీ రాశాడు.

ఆగస్టు వచ్చింది. సెలవు దొరకలేదన్నాడు. చలికాలం ఓడలు అటు పోవు. కాబట్టి మే. మే దగ్గర పడగానే ఓడకేదో మరమ్మతన్నాడు. జూన్ ఇరవై.

తేదీ మారినప్పుడల్లా అమ్మ విరుచుకుపడేది. రెండు రోజులు మాట మానేసేది. మూడో రోజు పొద్దున్నే మళ్లీ పటం ముందు. పెట్టె సర్దేది, విప్పేది, మళ్లీ సర్దేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. కోటు వదులుగా ఉందని కుట్లు ఊడదీసి బిగించేది. నెల తిరక్కుండా మళ్లీ వదులైందనేది. తిండి మీద ధ్యాస లేదు. తిరిగి తిరిగి చిక్కిపోతున్నావని కూతురు కసిరేది. రక్తం పడుతుందని నాన్న ఏవో మాత్రలు తెచ్చి, దగ్గరుండి మింగించేవాడు. మెచ్చుకోవలసి వస్తే ఆ ఒక్క పనికి మెచ్చుకోవాలి.

"మీ నాన్న నన్ను ఓడ ఎక్కనిచ్చేలా లేడే," అనేది అమ్మ. "నేనూ ఎక్కకుండా చావను. చూద్దాం ఎవరి పంతం గెలుస్తుందో."

జూన్ ఎనిమిదిన మంచం పట్టింది. పదకొండున పోయింది. ఓడకు ఇంకా తొమ్మిది రోజులుంది.

నాన్న కళ్లు తడి కాలేదు. ఐదో రోజే పనిలోకి వెళ్లాడు. కూతురు ఆయనతో మాట్లాడటం మానేసింది.

పంతొమ్మిదిన టికెట్లు రద్దు చేయించడానికి తనే వెళ్లింది. ట్రావెల్స్ ఆవిడ కంప్యూటర్లో పేర్లు కొట్టి చూసింది. మళ్లీ చూసింది.

"ఏ టికెట్లండీ? పోయినేడు ఏప్రిల్ పదిన మీ నాన్నగారే రద్దు చేయించుకున్నారు."

"రద్దు కాదండీ, మార్పించారు. ఆగస్టుకి."

"లేదండీ."

"మే నెలకి? రేపటికి?"

ఆవిడ తెర ఇటు తిప్పింది. అందులో రెండు పేర్లున్నాయి, ఒకే తేదీ ఉంది, దాని మీద అడ్డగీత ఉంది.

కూతురు రోడ్డు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. విచారణ కిటికీ ముందు అయిదారుగురు నిలబడి ఉన్నారు. అందరినీ తోసుకుని వెళ్లింది.

"ఓడ లేదు, టికెట్లూ లేవు! మూడు తేదీలూ అబద్ధాలే! పిచ్చిదానిలా పెట్టె సర్దించావు కదా మా అమ్మ చేత. ఆవిడ నీకేం ద్రోహం చేసింది? చెప్పు. అందరి ముందూ చెప్పు."

వరసలో ఉన్నవాళ్లు పక్కకు జరిగారు. ఒకాయన సంచీ కిందపెట్టి చెవి ఒగ్గాడు. నాన్న చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. కిటికీ తలుపు మూసి, పక్క గుమ్మంలోంచి బయటికి వచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు తీసుకెళ్లాడు.

"మీ అమ్మకు ప్రయాణం పనికిరాదు, బతికితే రెండు నెలలు బతుకుతుందని ఆవేళ డాక్టరు నాకొక్కడికే చెప్పాడు, ఓడ ఉందని చెబుతూ వస్తే పద్నాలుగు నెలలు ఉంది, ఇంకెప్పుడూ నా దగ్గర ఈ మాట ఎత్తకు."