పేరులో పిల్లి

"గూట్లోకి రా చాలు, పొద్దస్తమానం నీ ముందు ఎండుగడ్డి ఉంటుంది. నాదే పూచీ!" అని వసారా చిలక మాటిస్తేనే చెవులపిల్లి ఆ పెరటి గూట్లో కాలుపెట్టింది.

జంతువుల మాట ఇంటావిడకు చేరవేసేది చిలకే. అది గడ్డి సంగతి మరిచి, "ఇది చెవులపిల్లి అమ్మగారూ" అని చెప్పి ఊరుకుంది. పిల్లే కదా అని ఆవిడ రోజూ పాలన్నం పెట్టింది. ఆకలికి ఆగలేక చెవులపిల్లి అదే తిన్నది. పొట్ట డప్పులా బిగిసింది. పెంటికలు ఆగిపోయాయి.

"ప్రేమతో పెట్టింది అరగదంటావేం? పిల్లికి పాలు చేదా?" అంది చిలక.

"పేరు లోకం పెట్టింది, పొట్ట మాత్రం నాది!" అని మూలిగింది చెవులపిల్లి.

పక్కనే కట్టేసి ఉన్న మేక ఇక వినలేకపోయింది. తన మేతలోంచి ఎండుగడ్డి నోటకరచి ఊచల సందున తోసింది. "అల్లుడూ, ఆ గిన్నె తన్నేసి ఇది నములు. నెమ్మదిగా."

చెవులపిల్లి గిన్నె బోర్లించింది. నీళ్ళు తాగుతూ ఒక్కో పరకా నమిలింది. సాయంత్రానికి గూటి అడుగున పెంటికలు టపటపా రాలాయి.

"పడ్డాయిరోయ్!" అని మేక గంతేసింది. చెవులపిల్లి ఒళ్ళు దూదిలా తేలికైంది. కోపం మాత్రం చల్లారలేదు.

"అత్తా, నీ నోటికాడ మేత ఎన్నాళ్ళు తినను? నాకు కావలసింది దయ కాదు, హక్కు" అని అది చిలకవైపు తిరిగింది. "ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పు. గడ్డి వేస్తారా, గూటి తలుపు తీస్తారా? ఏరువాక పున్నమిలోగా నాకు జవాబు కావాలి."