సంతకం లేని చీటీలు

ఆ సోమవారం సోషల్ వర్కర్ తన గది బయటి చీటీల పెట్టె తెరిస్తే రెండు చీటీలున్నాయి.

“ఆరో తరగతి, కిటికీ పక్క బెంచీ. కళ్లజోడు విరిగి వారమైంది. ఇంట్లో చెప్పడానికి భయం.”

“ఎనిమిదో తరగతి కవలలు. అమ్మ ఆస్పత్రిలో ఉంది. మధ్యాహ్నం డబ్బాలు ఖాళీ.”

ఎప్పటిలాగే సంతకం లేదు. స్కూల్లో పిల్లల కష్టసుఖాలు చూసుకునే సోషల్ వర్కర్‌కి సంతకంతో పనీ లేదు. స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపిస్తే చాలు, తలా ఒక పని అందుకునేవారు. కళ్లజోడు డ్రిల్లు మాస్టారు చేయిస్తానన్నాడు. భోజనం సంగతి క్యాంటీన్ ఆవిడకి అప్పగించారు.

“ఇంతగా కనిపెట్టి రాస్తున్నది మీలో ఎవరో గానీ, చేతులెత్తి మొక్కాలి,” అంది సోషల్ వర్కర్.

టీచర్లందరూ ఒద్దికగా నవ్వారు. కాదనడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

లెక్కల మాస్టారు మాత్రం తన గోడు వెళ్లబోసుకున్నాడు.

“మా తొమ్మిదో తరగతి లేటమ్మ సంగతి తేల్చండి మేడమ్. వారానికి మూడు రోజులు పొద్దున నా మొదటి పీరియడ్‌కి ఇరవై నిమిషాలు ఆలస్యం. అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతుంది.”

ఆమె ఆ పిల్లని తన గదికి పిలిపించింది.

“ఎందుకమ్మా లేటు?”

“పనుంటుంది మేడమ్.”

“ఏం పని?”

పిల్ల వేలికంటిన సిరా మరక రుద్దుకుంది.

“ఇంట్లో ఏమైనా ఇబ్బందా?”

“అదేం లేదు. నాన్నని మాత్రం పిలవకండి మేడమ్. చదువు మానిపించడానికి సాకు కోసం చూస్తున్నాడు.”

ఆమెకి జాలేసింది. కానీ నాన్నని పిలవొద్దన్న పిల్లల ఇళ్లలోనే అసలు చిక్కు ఉంటుందని ఆమె అనుభవం. పిలిపించి నచ్చజెబుదామనుకుంది.

తండ్రి వచ్చాడు. ఆమె మాట సగం కూడా విననే లేదు.

“బడికొచ్చి కూడా క్లాసులో ఉండనిదానికి చదువెందుకండీ? మా చెల్లెలి ఊళ్లో కుట్టుపని నేర్చుకుంటుందిలే.”

ఆమె బతిమాలింది. హెడ్మాస్టారు బతిమాలాడు. తండ్రి టీసీ చేతికొచ్చాకే కుర్చీలోంచి లేచాడు.

మంచి చేయబోయి చెడగొట్టానని ఆమె రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాతి సోమవారం పెట్టె ఖాళీ. ఆ పై సోమవారమూ అంతే.

“నా మీద కోపమొచ్చి రాయడం మానేశారా?” అనడిగింది స్టాఫ్‌రూమ్‌లో.

“అవి నేను రాసినవి కావు మేడమ్,” అన్నాడు డ్రిల్లు మాస్టారు, నేల చూపులు చూస్తూ.

“నేనూ కాదు.”

“నేనూ కాదండీ.”

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే, గేటు దగ్గర కాపలా ఉండే తాత ఆమె స్కూటర్‌కి అడ్డొచ్చాడు.

“పాప రావట్లేదేంటమ్మా? మీకు చెప్పాల్సినవి నా దగ్గర పేరుకుపోయాయి.”

“ఏ పాప?”

“తొమ్మిదో తరగతి అమ్మాయి. లోపలికొచ్చేటప్పుడు పిల్లలు నాకన్నీ చెప్పుకుంటారు. నాకేమో అక్షరం ముక్క రాదు. నేను చెబితే తను రాసేది. ఎవరు మోశారో తెలిస్తే పిల్లలు మళ్లీ నోరు విప్పరని, ఇద్దరం గుట్టుగా ఉంచాం.”

స్కూటర్ ఆపేసిందామె. అడగడానికే భయం వేసింది.

“ఎప్పుడు రాసేది తాతా?”

“బెల్లు కొట్టి, పిల్లలంతా క్లాసులకెళ్లిపోయాక, ఓ ఇరవై నిమిషాలు నా గదిలో కూర్చుని మీకు రాసేదమ్మా.”